ఆమెకొక్కదానికే వినిపించే ఈల

కరెంటు పోగానే జహీరాబాద్ బజారు మొత్తం ఒక్కసారి ఉసూరుమనేది. సదాశివకు మాత్రం ఆ చీకటంటే ప్రాణం.

ఆ సాయంత్రమూ అంతే. ఫ్యాన్లు ఆగిపోయాయి. రేడియోలు మూగబోయాయి. మహాదేవప్ప గోదాం వెనక గదిలో సదాశివ ఒక మీట నొక్కాడు. లారీ బ్యాటరీకి తగిలించిన రేకు పెట్టె పని అందుకుంది. గోడ మీది ట్యూబ్‌లైటు రెండుసార్లు కన్ను కొట్టి, తెల్లగా వెలిగింది.

బ్యాటరీ కరెంటును ట్యూబ్‌లైటుకు పనికొచ్చే కరెంటుగా మార్చే కన్వర్టర్ అది. పాలిటెక్నిక్‌లో చదివిందీ, బోరు లారీ మీద ఎండల్లో తిరిగి సంపాదించిందీ మొత్తం ఆ పెట్టెలోనే పోశాడు. ఎనభై ఏడో సంవత్సరపు వానాకాలం దాటేలోగా బజారులో ప్రతి దుకాణంలో ఒక పెట్టె వెలగాలన్నది అతని కల.

తలుపు దబదబా మోగింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. చేతిలో లాంతరు లేదు. ఆ మంటేదో కళ్లలోనే ఉంది.

"ఆ ఈల ఆపుతరా, మా అప్పను పిలవాల్నా?"

సదాశివ లేచి నిలబడ్డాడు. అప్ప అంటే ఆ ఇంటి కన్నడ వాడుకలో నాన్న. అంటే ఈమె ఇంటి ఓనరు మహాదేవప్ప సేట్ కూతురు నీలాంబిక. గది అద్దెకు తీసుకున్నప్పటి నుంచి గోడ అవతల గాజుల చప్పుడు వినడమే కాని, మనిషిని చూడటం ఇదే.

"ఒట్టండీ, నేను ఏ ఈల వెయ్యలే. నాకసలు వెయ్యనే రాదు."

"మిమ్మల్ని కాదు. దాన్ని." ఆమె వేలు పెట్టె వైపు తిరిగింది.

"అది ఈల వేస్తదా?"

"వెయ్యదా? చెవుల సూది పెట్టి తిప్పినట్టున్నది. రోజు కరెంటు పోంగనె మొదలు. మీకు వినపడ్తలేదా?"

అతను వంగి పెట్టెకు చెవి ఆనించాడు. ఏమీ లేదు. పక్కన బస్తాల్లోంచి పచ్చి అల్లం వాసన తప్ప.

"ఏం లేదండీ."

"అయితే మీ చెవులు జర దవాఖానల చూపించుకోన్రి."

అతను మీట ఆపేశాడు. గది చీకటైపోయింది. ఆ చీకట్లో ఆమె హాయిగా వదిలిన ఊపిరి మాత్రం అతనికి స్పష్టంగా వినిపించింది. ఎందుకో, ఆ చిన్న చప్పుడు కోసం ఇంకాసేపు చీకట్లోనే నిలబడి ఉండొచ్చనిపించింది.

మళ్లీ మీట వేశాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఆపాడు. వేశాడు.

"ఆటలాడుతున్నరా, ఇంజనీర్ సాబ్?"

"పరీక్ష చేస్తున్న."

"నన్నా, మీ పెట్టెనా?"

జవాబు అందేలోగా ఆమె జడ గుమ్మం దాటిపోయింది. సదాశివ తల గోక్కున్నాడు. లైటు ఆరడం ఆమెకు కనిపిస్తూనే ఉంది కదా. మొహం ముడవడం, విప్పడం ఎంతసేపు? అబద్ధం కూడా కావచ్చు.

కానీ ఆ ఊపిరి అబద్ధంలా లేదు.

మర్నాడు పొద్దున మహాదేవప్ప గోదాంలో అల్లం బస్తాలు కుట్టిస్తూ సదాశివను పిలిచి చాయ్ ఇచ్చాడు. ఆయన ముఖం దిగులుగా ఉంది.

"నీ మిషన్ వచ్చినంక గోదాంల ఎలుకలు మాయమైనయ్. బెల్లం ముద్ద ముట్టుకున్నది లేదు. మంచి కాలు పెట్టినవ్."

"ఎలుకలు పోయినయా?"

"ఒక్కటి లేదు. గానీ మా ఇంట్లనే ఫికర్ పట్టుకున్నది." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు. మా నీలకు చెవుల ఏదో ఈల వినపడ్తదంట. లైట్లు పోతె మొదలైతదంట, లైట్లు రాంగనె బంద్ అయితదంట. నాకు వినపడదు. మా అమ్మకు వినపడదు. చీకటి గాలి తగిలిందంటది మా అమ్మ. చెవుల్ల వెల్లుల్లి నూనె పోస్తున్నది, వేపాకు పొగ పెడ్తున్నది."

"మీ అమ్మాయి ఏమంటది సేట్?"

"గోడవతలి మిషన్ అంటది. లైటిచ్చే డబ్బా ఈలెట్ల వేస్తదయ్యా? పిల్లకు పాణం బాగలేదని బయట పడకముందే పెండ్లి చేయాలె. గురువారం హుమ్నాబాదోళ్లు చూడ్డానికొస్తున్నరు."

సదాశివ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఎలుకలు ఎందుకు పోయాయి? వాటికీ వెల్లుల్లి నూనె పోయాలా?

ఆ సాయంత్రం గోదాం మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించాడు. చిన్నప్పుడు సొంతూరు న్యాల్‌కల్‌లో పొద్దు గూకితే జొన్నచేల నిండా కీచురాళ్లు అరిచేవి. జహీరాబాద్‌లో ఒక్క కీచురాయీ లేదనీ, టౌన్ కదా, వెళ్లిపోయి ఉంటాయనీ అనుకున్నాడు. దారిన పోతున్న బండివాణ్ని ఆపి అడిగాడు.

"అన్నా, కీచురాళ్లు అరుస్తున్నయా?"

బండివాడు అతన్ని ఎగాదిగా చూశాడు. "చెవులు పోతున్నయ్. నీకు వినపడ్తలేవా?"

బోరు లారీ గుర్తొచ్చింది. బండను తొలిచే ఆ మిషన్ పక్కన, చెవులకు దూది కూడా పెట్టుకోకుండా నిలబడిన రోజులు. కీచురాళ్లు జహీరాబాద్ వదిలి వెళ్లలేదు. సదాశివ చెవులనే వదిలి వెళ్లాయి.

అంటే ఆమె చెప్పింది నిజం.

మరి ఆ నిజం సేట్‌కు చెబితే? తన పెట్టె పనికిమాలినదని తానే చాటుకున్నట్టు. గది పోతుంది. బజారులో పేరూ పోతుంది. నోరు మూసుకుంటే అన్నీ ఉంటాయి, గోడ అవతల వేపాకు పొగతో సహా.

పెరటి గోడ దగ్గర నీలాంబిక బట్టలు ఆరేస్తోంది. చెవుల పక్కన నూనె జిడ్డు మెరుస్తోంది.

"మీరన్నది నిజమేమో," అన్నాడు సదాశివ, గోడ ఇవతలి నుంచి.

ఆమె చేతిలో చీర అలాగే ఆగిపోయింది. "ఏమన్నరు?"

"నిజమేమో అంటున్న."

"ఆ 'ఏమో' తీసేసి అన్రి."

"నిజం."

చీర మీది నుంచి ఆమె కళ్లు మాత్రం కనిపించాయి. వాటిలో నిన్నటి మంట లేదు. ఏదో తడి మెరిసింది. అంతలోనే ముక్కు ఎగబీల్చి, "చెప్పడానికేం. మా అప్పకు చెప్పున్రి, చూస్త," అంది.

"చెప్త. చెప్పుడే కాదు, చూపిస్త."

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో ఒక వింత జరిగింది.

గోడకు అటు పక్క వంటింట్లో నీలాంబిక, ఆమె పక్కన అవ్వ, అంటే సేట్ తల్లి శివమ్మ, అవ్వ చేతిలో ఇత్తడి చెంబు. గోడకు ఇటు పక్క సదాశివ, మహాదేవప్ప. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అక్కడి నుంచి ఇక్కడి లైటు కనిపించే సందు లేదు. ఈల మొదలైతే నీల చెప్పాలి, అవ్వ చెంబుతో గోడ మీద ఒకసారి కొట్టాలి. ఆగితే రెండుసార్లు.

"మీట నేను ముట్టను సేట్. మీరే వెయ్యున్రి. మీ ఇష్టమొచ్చినప్పుడు."

మహాదేవప్ప నమ్మకం లేకుండానే మీట నొక్కాడు.

టంగ్.

ఆయన ఉలిక్కిపడ్డాడు. మీట ఆపాడు.

టంగ్ టంగ్.

వ్యాపారి బుర్ర కదా, అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? మీట మీద చెయ్యి పెట్టాడు కాని నొక్కలేదు. గోడ మాట్లాడలేదు. గట్టిగా దగ్గాడు. గోడ మాట్లాడలేదు. జేబులోంచి వక్కపలుకు తీసి తాపీగా నమిలి, ఉన్నట్టుండి మీట నొక్కాడు.

టంగ్!

మహాదేవప్ప మెల్లగా వెనక్కి జరిగి బెల్లం బస్తా మీద కూలబడ్డాడు. నుదుటి మీది విభూతి చెమటకు కరిగిపోయింది.

"నా బిడ్డ అబద్ధమాడలే," అన్నాడు, తనలో తాను.

గోడ అవతల శివమ్మ గొంతు లేచింది. "అయ్యో శివనే! ఇన్ని దినాలు చెవుల్ల నూనె పోస్తినే! ఆ పెట్టెల పొయ్యాల్సింది!"

సదాశివ నవ్వబోయి ఆగిపోయాడు. సేట్ అతని వైపే చూస్తున్నాడు.

"అంటే తప్పు నీ డబ్బాది."

"అవును సేట్."

"దాని నోరు మూయించు. గురువారం లోపల. కాకుంటే డబ్బా తీస్కొని వేరే గది చూస్కో." ఆయన లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "ఒక్కటి మాత్రం మేలైంది. పిల్లకు ఏ రోగం లేదు. ఇగ హుమ్నాబాదోళ్లకు దాచిపెట్టేదేం లేదు."

సదాశివ గుండెల్లో ఏదో లైటు ఆరిపోయింది. ఆమెకు ఏ లోటూ లేదని తన చేతులతోనే నిరూపించాడు. ఆమెను ఇంకొకరి ఇంటికి పంపే దారి తన చేతులతోనే శుభ్రం చేశాడు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం నీలాంబిక గోదాం గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. అవ్వ పక్కనే వత్తులు చేసుకుంటూ కాపలా. సదాశివ పెట్టె విప్పేవాడు, బిగించేవాడు. తీర్పు ఆమెది.

ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు బిగించాడు.

"కొంచెం తగ్గింది."

తీగచుట్ట మీద మైనం కరిగించి పోశాడు.

"ఇంకొంచెం తగ్గింది. ముందు ఈల, ఇప్పుడు దోమ."

పెట్టె కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాడు.

"ఇప్పుడు దుప్పటి కప్పుకున్న దోమ."

"ఏం తిని కన్నరమ్మా మిమ్మల్ని, ఇసొంటి చెవులతోని?"

"అవ్వా, చూడు, నిన్ను అంటున్నడు!"

శివమ్మ వత్తి నలుపుతూ, "నా కొడుకును అడుగయ్యా, నన్నెందుకు అంటవు?" అంది.

సదాశివ పెట్టెలో కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టరు మీద వేలు పెట్టి, చురుక్కుమని లాక్కున్నాడు. "ఇవి ఒక్క సెకనుల వేలసార్లు ఆరి వెలుగుతయి. ఆ అదురే మీకు వినపడేది. ఇంకా జోరుగ కొట్టిస్తే మీ చెవులకు గూడ అందదు. కానీ ఇవి అంత ఉరకలేవు. కాలిపోతయి."

"అయితే ఏం చేస్తరు?"

"తెల్వదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తెలియదని అంత సూటిగా చెప్పే మగవాణ్ని ఆమె అంతకు ముందు చూసినట్టు లేదు.

ఉన్నట్టుండి గోదాం రేకుల మీద వాన దిగింది. చూస్తూండగానే లోకమంతా ఒకే చప్పుడైంది. తడిమట్టి వాసన అల్లం వాసనతో కలిసి గుమ్మంలోకి వచ్చింది. నీలాంబిక చెయ్యి చాచి చూరు నీళ్లు పట్టుకుంది. నీళ్లు వేళ్ల మధ్య నుంచి జారుతుంటే, ఆమె ముఖంలో అదే హాయి, ఆ మొదటి సాయంత్రం చీకట్లో వినిపించిన హాయి, ఇప్పుడు వెలుతురులో కనిపించింది.

"గమ్మత్తు కదా," అంది ఆమె. "మీ పెట్టెకన్న వాన చప్పుడు ఎంతో పెద్దది. అయినా నిద్రొస్తది. మీ పెట్టె చిన్నగనే అంటది, ప్రాణం తీస్తది."

"ఎందుకట్ల?"

"వాన ఒక్క పాటే పట్టుకొని పీకదు. చినుకు చినుకుకు దాని ఇష్టం. మీ పెట్టె ఒక్క సుతి పట్టుకుంటే వదలదు."

సదాశివ చేతిలో స్క్రూడ్రైవర్ కదలలేదు. చినుకు చినుకుకు దాని ఇష్టం. ట్రాన్సిస్టర్లను జోరుగా ఉరికించలేడు. కానీ తాళం తప్పించగలడు. ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ వెనక. ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే ఎడం లేకుండా చేస్తే, ఈల ముక్కలై చినుకుల్లా చెదిరిపోదూ?

కానీ ఆలోచన అక్కడ నిలవలేదు. నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

"హుమ్నాబాద్ అబ్బాయి మీకిష్టమేనా?"

"సిమెంటు దుకాణమంట. జీపు గూడ ఉన్నదంట."

"జీపు సంగతి అడగలే."

"నన్నెవరడిగిన్రు ఇష్టమా అని?"

"నేను అడుగుతున్న కదా."

వాన ఇంకా జోరందుకుంది. ఆమె చూరు నీళ్ల వైపే చూస్తూ, పెదవి కొస కొరుక్కుంటూ అంది.

"ఏదో అన్నరు. వాన చప్పుడుల వినపడలే."

ఎలుకలకు తప్ప ఎవరికీ వినపడని ఈలను గోడ అవతల నుంచి పట్టిన చెవులవి! సదాశివ మళ్లీ అడగలేదు. ఆమె విన్నదని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు.

గురువారం సాయంత్రానికి సదాశివ పాత రేడియో ఒకటి పెట్టె పక్కన విప్పి ఉంది. రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆగితే వచ్చే ఆ గరగర, అందులో ఏ రెండు క్షణాలూ ఒకేలా ఉండవు. ఆ గరగరను తీగలతో లాగి, ట్రాన్సిస్టర్లకు తాళం చెప్పే భాగంలో కలిపాడు. ఇప్పుడు వాటి దెబ్బలు గాలివాటున పడతాయి.

పడుతున్నాయా? ఎలా తెలుస్తుంది? వినాల్సిన మనిషి లోపల పట్టుచీరలో పెళ్లివారి ముందు కూర్చుని ఉంది.

పొద్దున పెరటి గోడ మీది నుంచి ఒక్క మాట అడిగాడు. "ఇయ్యాల కరెంటు పోతే మిషన్ పెట్టాల్నా, వద్దా? ఈల వస్తే పెండ్లివారి ముందు మీరు చెవులు మూసుకుంటరు. వాళ్లు ఏదో అనుకుంటరు."

"పెట్టున్రి," అంది ఆమె. "ఈల వస్తే గోడ మీద ఒక్కసారి కొడ్త. పెట్టకుంటే మాత్రం ఊకోను."

వీధిలో జీపు ఆగింది. చెప్పుల చప్పుళ్లు. కన్నడంలో పలకరింపులు. ప్లేట్లు సర్దుతున్న చప్పుడు.

కరెంటు పోయింది.

జీవితంలో మొదటిసారి సదాశివకు చీకటంటే భయమేసింది. మీట మీద వేలు పెట్టాడు. లోపల ఎవరో లాంతరు అడుగుతున్నారు. కళ్లు మూసుకుని నొక్కాడు.

ట్యూబ్‌లైటు వెలిగింది. అతను గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. గోడ చల్లగా ఉంది. తన గుండె తప్ప ఏమీ కొట్టడం లేదు.

ఒక్క దెబ్బ పడితే చాలు, ఆపేస్తాడు. పడలేదు.

అంతలో నీలాంబిక గొంతు, కలలోంచి మాట్లాడుతున్నట్టు. "అప్పా, వాన వస్తున్నదా?"

ఎవరివో అడుగులు వాకిట్లోకి వెళ్లి, తిరిగి వచ్చాయి. తర్వాత అందరూ ఒక్కసారి నవ్వారు. పెళ్లివారిలో ఎవరో ఆడమనిషి సంబరంగా ఏదో అంది. సదాశివ అక్కడే, గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. పెట్టె గెలిచింది. అతను ఓడిపోయాడు.

జీపు వెళ్లిపోయాక మహాదేవప్ప వచ్చాడు. బెల్లం బస్తా మీద, ఆ రోజు కూలబడిన చోటే కూర్చున్నాడు.

"నీల నవ్వింది," అన్నాడు. "తమ పిల్లగాన్ని చూసి నవ్విందనుకున్నరు. పిల్ల నచ్చిందన్నరు."

"మంచిదే కద, సేట్."

"వాన వస్తున్నదా అంటే నేను వాకిట్లకు పోయి చూసిన. నేల పొడిగ ఉన్నది. మళ్ల లోపలికొచ్చి చూస్తే నా బిడ్డ ఈ గోడ దిక్కు తిరిగి నవ్వుతున్నది." ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇన్ని దినాలు అది చెప్పింది నేను వినలే. గోడవతల కిరాయికున్నోడు విన్నడు. అందుకే ఇయ్యాల పక్కకు పిలిచి అడిగిన, నీకిష్టమేనా అని. చెప్పింది. ఈసారి విన్న."

"ఏం... ఏం చెప్పింది సేట్?"

"హుమ్నాబాదోళ్లకు దండం పెట్టి పంపిచ్చిన. వాళ్లకు కోపమొచ్చింది. రానీ. మీ నాయినను న్యాల్‌కల్ నుంచి రమ్మను, మాట్లాడాలె." లేచి, గుమ్మంలో ఆగాడు. "ఈల పోయింది, సంతోషం. మరి ఎలుకలు మళ్లొస్తే?"

"పిల్లిని తెస్త సేట్!"

"తొందరగ తే," అంటూ మహాదేవప్ప నవ్వు దాచుకుని వెళ్లాడు.

కరెంటు ఇంకా రాలేదు. గుమ్మంలో పట్టుచీర గరగరలాడింది. వెనకే అవ్వ, మెట్టు మీదనే ఆగి వత్తుల బుట్ట తెరిచింది.

నీలాంబిక పెట్టె దగ్గరికి వచ్చి, తల వాల్చి వింటోంది.

"ఎట్లున్నది?" అన్నాడు సదాశివ.

"దూరంగ... మీ ఊరి దిక్కు ఎక్కడో జొన్నచేను మీద సన్నగ వాన పడ్తున్నట్టు."

"నాకేం వినపడ్తలేదు."

"అస్సలా?"

"ఇది వినపడదు. కీచురాళ్లు గూడ వినపడవు. ఇగ ఎప్పటికీ వినపడవు." ఆమె కళ్లలోకి చూశాడు. "జిందగీ అంత మీరే చెప్పాలె, నీలా."

'అండీ' ఎప్పుడు రాలిపోయిందో అతనికే తెలియదు. ఆమె పట్టుకుంది. ఆ చెవులను ఏది దాటిపోతుంది?

"అయితే ఇప్పటిసంది మొదలుపెడ్త," అంది మెల్లగా. "తలుపు సందుల ఒక కీచురాయి ఉన్నది. పెరట్ల ఇంకోటి. ఇది పిలుస్తున్నది. అది బెట్టు చేస్తున్నది."

"ఇంకెంతసేపు బెట్టు?"

"పలికింది. ఇప్పుడే."

తల మీద రేకు టప్పుమంది. ఆమె మాట ఆపేసింది. ఇంకొకటి. ఇంకొకటి. చూస్తూండగానే పైకప్పు నిండా చినుకులు పరుగులు తీశాయి.

"ఇది మీ పెట్టె కాదు," అంది నీలాంబిక.

"తెలుసు," అన్నాడు సదాశివ. చెయ్యి చాచి మీట ఆపేశాడు. "ఇది నాకు గూడ వినపడ్తున్నది."